కొలిచి పోసిన నీళ్లు

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 33 ఏళ్లు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా బాపు ఆర్టీసీ డ్రైవరు. ఉద్యోగంలో ఎక్కువ కాలం ఏటూరునాగారం రూటులోనే బండి నడిపారు. మూత్రపిండాలు చెడిపోయి, మూడేళ్లు డయాలసిస్ చేయించుకుని, ఈ ఏడాది వైశాఖంలో పోయారు. చివరి ఏడాది ఆయన రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు లెక్కగట్టి చెప్పారు. అవ్వ, అంటే మా అమ్మ, ఒక చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి పోసేది. ఆయన వెంట కూర్చున్న రోజుల్లో మంగపేట, వాజేడు వైపు నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చే రోగులను ఎందరినో చూశాను. సంవత్సరీకం నాటికి ముగిసేలా హైదరాబాద్ నుంచి హనుమకొండ దాకా మూడు రోజుల్లో పరిగెత్తి, ఐదు లక్షల రూపాయలు పోగుచేసి, అలాంటివారికి ఇవ్వాలనుకుంటున్నాను. రెండు నెలలుగా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పరిగెత్తుతున్నాను. ఐదారు కిలోమీటర్లు వస్తోంది. బాపు దాహం ఎట్లుండేదో తెలియాలని ఆ పూట నీళ్లు ముట్టడం లేదు. అవ్వ మాత్రం "నువ్వు ఉరికితే మీ బాపు లేచొస్తడా" అని ఏడుస్తోంది. మేనమామలు ఇదంతా పేరు కోసమేనంటున్నారు. అమెరికాలో ఉన్న మా కాక (చిన్నాన్న) కొడుకులు డబ్బు పంపుతామంటున్నారు, నా ఫోన్‌పేకే పంపమనాలా? అసలు ఈ పని చేయవచ్చా? చేస్తే ఎలా చేయాలి?

సమాధానం: చేయవచ్చు. చేయమనే చెబుతాను. అయితే మీరు అనుకున్న పద్ధతిలో మూడు మార్చుకోవాలి: రోజు, దారి, నీళ్లు. చివరిదాన్ని ముందు చెబుతాను, ఎందుకంటే మొదటి రెండింటికీ ఇంకా వ్యవధి ఉంది, దీనికి లేదు.

మీ బాపుకు నీళ్లు తగ్గించినది, తాగిన నీటిని ఆయన మూత్రపిండాలు బయటికి పంపలేకపోయినందువల్ల. ఒక డయాలసిస్‌కూ మరొక డయాలసిస్‌కూ నడుమ ఒంట్లో నిలిచిపోయిన నీరు కాళ్లలో వాపుగా, ఊపిరితిత్తుల్లో ఆయాసంగా, గుండె మీద బరువుగా మారుతుంది. కాబట్టి మీ అవ్వ కొలిచి పోసిన ఆ గ్లాసు, ఆయన మందుచీటీలో ఒక మందు వంటిది. మరొకరి మందును, ఆ జబ్బు లేని మనిషి, వారి మీద ప్రేమతో మింగితే ఏమవుతుందో మీరు చేస్తున్న పనిలోనూ అదే అవుతుంది. చెమటతో పోయిన నీరు తిరిగి అందకపోతే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. అలవాటు లేని దూరం, ఎండలో, దాహంతో పరిగెత్తినప్పుడు కండరాలు చితికిపోయి, వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయడం కూడా జరుగుతుంది. దీన్ని వైద్యులు రాబ్డోమయోలిసిస్ అంటారు, మూత్రం డికాక్షన్ రంగులో రావడం దాని గుర్తు. ఏ జబ్బూ లేకుండా పరుగుకు దిగినవారు కూడా ఆ కారణంగా కొన్నాళ్లు డయాలసిస్ మీద ఉండవలసి వచ్చిన సందర్భాలు వైద్యశాస్త్రానికి కొత్తవి కావు. మీ బాపు పడుకున్న మంచం పక్కమంచం మీద మిమ్మల్ని చూడడానికి ఆయన ఒప్పుకునేవారా?

దీనితోపాటే చెప్పవలసినది నొప్పి మాత్రల సంగతి. దూరం పెరిగేకొద్దీ మోకాళ్లు, పిక్కలు నొప్పి పెడతాయి. పక్కవాడు జేబులోంచి డైక్లోఫినాకో ఐబుప్రోఫెనో తీసి ఇస్తాడు. మన పల్లెల్లో నాట్లకూ కోతలకూ పోయేవారు ఈ గోళీలను పిప్పరమెంటు బిళ్లల్లా వేసుకోవడం మీరు చూసే ఉంటారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ రకం మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందే దారిని మరింత ఇరుకు చేస్తాయి. సాధన రోజుల్లో గానీ అసలు రోజుల్లో గానీ వాటి జోలికి పోకండి. మాత్ర లేకుండా అడుగు పడని నొప్పి వచ్చిందంటే ఆ రోజుకు ఆగిపోవలసిందే.

మీ బాపు మూత్రపిండాలు ఎందువల్ల చెడ్డాయో మీరు రాయలేదు. అది తెలుసుకోవడం మీకు అవసరం. చక్కెర వ్యాధి, రక్తపోటు కారణమైతే ఆ రెండూ మీకూ వచ్చే అవకాశం ఎక్కువ. మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు అయితే, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. కనుక వచ్చే ఆదివారం గ్రౌండుకు పోయేలోపే ఒక వైద్యుణ్ణి కలిసి, రక్తపోటు, షుగరు, సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఈసీజీ చూపించుకోండి. అవసరమనుకుంటే స్కానింగ్ ఆయనే రాస్తారు. ఇవన్నీ సరిగా ఉన్నాయని కాగితం మీద చూసుకున్నాకనే మిగిలిన మాట.

నీళ్లు ముట్టకుండా పరిగెత్తాలని మీకెందుకు అనిపించిందో నాకు అర్థం కాకపోలేదు. మా అమ్మ చివరి నెలలో గొంతు దిగక రెండు చెంచాల గంజితో గడిపింది. ఆమె పోయాక చాలా రోజులు నేను రాత్రి అన్నం మానేశాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే అది మొక్కు అవుతుందనో, చెప్పకపోతే ఆమెకు దగ్గరగా ఉంటాననో అనుకున్నాను. ఒకరోజు నా భార్య కంచం ముందు పెట్టి, "అత్తమ్మ ఆకలి మీరు తీర్చలేదు, ఇప్పుడు మీ ఆకలి చూసే పని నాకు పెట్టారు" అంది. ఆ మాటలో ఉన్న కోపం నాకు అప్పుడు అన్యాయంగా తోచింది. మీ ఉత్తరం చదివాక, మీ అవ్వ మాటను దాని పక్కన పెట్టి చూశాను.

మీ అవ్వ మీ పనిని వద్దంటున్నదని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. మూడేళ్లు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, సూదులు గుచ్చిన చేతిని చూస్తూ కూర్చున్న మనిషి ఆమె. కట్టుకున్న వాడు దాహమని అడుగుతుంటే చిన్న గ్లాసుతో కొలిచి పోసిన చేయి ఆమెది. ఆ చేతికి మీకంటే ఎక్కువ బరువు ఉంటుంది. పొద్దున పరుగు నుంచి ఎండిన పెదవులతో వచ్చిన కొడుకును చూస్తే ఆమెకు ఏం గుర్తొస్తుంది? "లేచొస్తడా" అన్న ప్రశ్నకు మీరు జవాబు చెప్పనవసరం లేదు. ఇంటికి రాగానే ఆమె ఎదుట రెండు గ్లాసులు నిండుగా నీళ్లు తాగండి. పథకం సంగతి ఆ తర్వాత మాట్లాడవచ్చు.

ఇక రోజు. వైశాఖమంటే ఏప్రిల్ చివర, మే నెల. ఆ రోజుల్లో వరంగల్‌లో పగలు 42, 43 డిగ్రీలు మామూలు, రామగుండం, ఆదిలాబాద్ వైపు అంతకు మించి కూడా పోతుంది. పరిగెత్తే ఒళ్లు తానే వేడి పుట్టిస్తుంది. బయటి గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు చెమట ఆరడం తప్ప చల్లబడే దారి వేరే లేదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడితే అది వడదెబ్బ, ప్రాణం మీదికి వస్తుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కేలోపు ఆపేస్తానని మీరు అనవచ్చు. రోజుకు దాదాపు యాభై కిలోమీటర్ల చొప్పున మూడు రోజులు వరసగా అలా సాధ్యపడదు, అదీ ఇప్పటికి ఐదారు కిలోమీటర్లు మాత్రమే అలవాటైన కాళ్లతో. పైగా యాడాది గడవకముందు కొడుకు ఇలా దూరాభారం బయలుదేరడం మీ అవ్వకు మనసొప్పని పని కావచ్చు. శాస్త్రం ఏమంటున్నదో చెప్పడానికి నేను పండితుణ్ణి కాను గానీ, ఆమె మనసు ఏమంటున్నదో వినడానికి పాండిత్యం అక్కరలేదు.

అందువల్ల తిథిని తిథికే వదిలిపెట్టండి. ఆ నాడు ఇంట్లో జరగవలసిన కార్యం జరగనివ్వండి. ఆ రోజే, మీ బాపు రోజూ బండి ఎక్కిన బస్టాండు దగ్గర, డిపోవారి అనుమతితో, ఆయన పేరున ఒక చలివేంద్రం పెట్టండి. వైశాఖంలో చలివేంద్రం పెట్టడం మన దగ్గర పెద్దల పేరున తరతరాలుగా చేస్తున్న పని. లెక్కపెట్టుకుని నీళ్లు తాగి పోయిన మనిషి పేరున, దారిన పోయేవారికి లెక్క లేకుండా నీళ్లు పోయడం కంటే సరైన సంవత్సరీకం నాకు తోచడం లేదు. కుండలు, వాటి కింద ఇసుక, మూతలు, రోజూ కడిగే మనిషి, శుద్ధి చేసిన నీరు: ఖర్చు పెద్దది కాదు, వానలు పడేదాకా ఒక్కరోజూ ఆగకుండా నడపడమే కష్టం. దానికి మీ మేనమామలను పిలవండి. పేరు కోసం అన్నవారు కుండ నింపడానికి వస్తే మంచిదే, రాకపోతే వారి మాట అక్కడితో సరి. చలివేంద్రం మీద కూడా పోయినవారి పేరు రాస్తారు కదా. మన సమాజంలో దానానికి పేరు ఉండడం కొత్త కాదు, దోషమూ కాదు. ఆ పేరు ఎవరిదన్నదే చూడాలి. ఫ్లెక్సీ వేస్తే దాని మీద మీ బాపు ఫొటో ఒక్కటి ఉండనివ్వండి. మీది వద్దు, పక్కన చేతులు జోడించి నిలబడే నాయకులవి అసలే వద్దు.

అసలు ప్రయాణాన్ని వచ్చే ఏడాది మార్గశిరంలోనో పుష్యంలోనో పెట్టుకోండి. ఈ చలికాలం మరీ దగ్గరలో ఉంది, మీ కాళ్లకూ మీ అవ్వకూ ఇద్దరికీ చాలదు. ఏడాదికి పైగా ఆగడం ఇప్పుడు భరించరానిదిగా తోచవచ్చు. ఆ కాలం ఖాళీగా ఉండదు, దాన్ని నింపే పని కిందనే చెబుతాను.

దారి సంగతికి వస్తాను. హైదరాబాద్ నుంచి హనుమకొండ దాకా ఎందుకు? అక్కడ మొదలుపెడితే వినడానికి బాగుంటుందనే కదా. ఆ నాలుగు వరసల రోడ్డు మీద కార్లు పోయే వేగం మీకు తెలుసు, దాని అంచున మూడు రోజులు మనిషి నడవడమే ప్రమాదం. మీ బాపు ఏళ్ల తరబడి స్టీరింగు పట్టిన దారి ఒకటుంది. విచిత్రమేమంటే అదీ అదే 163వ జాతీయ రహదారి, కాకపోతే హనుమకొండ నుంచి తూర్పుకు పోతుంది. ఆత్మకూరు, గూడెప్పాడు, మల్లంపల్లి, ములుగు, జంగాలపల్లి, చల్వాయి, పస్రా, తాడ్వాయి, ఆ తర్వాత ఏటూరునాగారం. మొత్తం దాదాపు 110 కిలోమీటర్లు. ఆ ప్రతి స్టేజీలోనూ ఆయనను ముఖం చూసి గుర్తుపట్టే హోటలువాడో, పాన్‌డబ్బావాడో, ఆయన బండిలో బడికి పోయి ఇప్పుడు బడిలోనే పనిచేస్తున్న పంతులమ్మో ఉండే ఉంటారు. మీరు చూసిన మంగపేట, వాజేడు రోగులు హనుమకొండకు వచ్చేది కూడా ఆ దారినే. మీరు ఎవరికోసం డబ్బు అడుగుతున్నారో ఆ మనుషుల ఊళ్ల మీదుగా నడిచి అడిగితే, ఆ అడగడానికి ఉండే బలం వేరు.

నడిచి అని కావాలనే రాశాను. పరుగు వద్దు. ఐదు రోజులు, రోజుకు 20, 22 కిలోమీటర్లు, మధ్యమధ్య విరామంతో ఐదారు గంటల నడక. ఇది సులువని అనుకోవద్దు. మొదటి రోజు ఎవరైనా నడుస్తారు, మూడో రోజు పొద్దున పొక్కులు లేచిన పాదాన్ని బూటులో పెట్టడంలోనే ఉంది అసలు పరీక్ష. కొండగట్టుకు కాలినడకన పోయే హనుమాన్ దీక్ష స్వాములను అడిగి చూడండి. మీరూ వారిలాగే చెప్పుల్లేకుండా పోవాలనుకుంటారేమో, అది మాత్రం వద్దు. మొక్కు ఉన్నవారి సంగతి వేరు, మీరు ఎవరికీ అలా మొక్కలేదు. దూరం నడిస్తే పాదం ఉబ్బుతుంది కనుక బూటు అర సైజు పెద్దది తీసుకుని, కనీసం రెండు నెలలు తొడిగి అలవాటు చేసుకోండి. మేజోళ్లు రోజుకు రెండు జతలు, రుద్దుకునే చోట వాజిలిన్, గోళ్లు పొట్టిగా.

సాధనకు ఒక కొలత చెబుతాను. నెలనెలా మాసికం పెడుతున్నారు కదా, దానినే మైలురాయిగా పెట్టుకోండి. మాసికానికీ మాసికానికీ నడుమ వారంలో నాలుగు రోజులు ముప్పావు గంట నుంచి గంట నడక, ఆదివారం ఒక పొడవు నడక. ఈ ఆదివారం 8 కిలోమీటర్లయితే వచ్చే ఆదివారం 9, ఆ పై వారం 10. నాలుగో వారం తగ్గించి కాళ్లకు తెరిపి ఇవ్వండి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో గుండ్రంగా తిరిగితే విసుగొస్తుంది. వడ్డేపల్లి చెరువు కట్ట, భద్రకాళి కట్ట, మెట్లు అలవాటు కావడానికి పద్మాక్షి గుట్ట, దూరం పెరిగాక ఐనవోలు మల్లన్న దాకా పోయి బస్సులో రావడం: మన ఊళ్లో దారులకు కొదవ లేదు. ఆదివారం నడక 20 కిలోమీటర్లకు చేరాక, వెనువెంట రెండు రోజులు నడవడం మొదలుపెట్టండి, శనివారం 15, ఆదివారం 18 ఇలా. అలసిన కాళ్లతో మళ్లీ లేచి నడవడమే ఐదు రోజుల ప్రయాణానికి అసలు సాధన. చివరి రెండు వారాలు సగానికి తగ్గించండి. సంవత్సరీకంతో మాసికాలు అయిపోతాయి, ఆ తర్వాత కూడా నెలకు ఆ తిథిని గుర్తుపెట్టుకుని మీ లెక్క చూసుకోవచ్చు.

నీళ్ల విషయంలో రెండో వైపు ప్రమాదం కూడా ఉంది గనుక చెబుతాను. మీకు ఇప్పుడు బెంగ పుట్టి గంటకు లీటరు చొప్పున వట్టి నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలతిరుగుడు, వాంతులు, ఇంకా పెరిగితే మూర్ఛ వస్తాయి. చలికాలపు నడకలో దాహమైనప్పుడల్లా కొద్దికొద్దిగా తాగడం చాలు. చెమట ఎక్కువ పట్టిన పూట లీటరుకని రాసి ఉన్న ఓఆర్ఎస్ పొట్లం ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపండి, గ్లాసులో కలిపితే మందు కాస్తా విషమవుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండు, పల్లీపట్టీ దారిపొడవునా దొరుకుతాయి.

పొద్దున పొగమంచు విడిచి సూర్యుడు కనిపించాకనే రోడ్డెక్కండి. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచున, మెరిసే జాకెట్టు తొడుక్కుని, ముగ్గురికి తక్కువ కాకుండా నడవండి. వెనక ఒక బండి, అందులో మందులపెట్టె ఉండాలి. పస్రా దాటాక అడవి మొదలవుతుంది. ఆ దారిని మధ్యాహ్నంలోపే ముగించి, ఏ పరిస్థితిలోనూ చీకట్లో నడవకండి, ముందుగా అటవీశాఖవారికీ దారిలోని పోలీసు స్టేషన్లకూ ఒక కాగితం ఇవ్వండి. మేడారం జాతర వచ్చే ఏడాదైతే మాఘానికి చాలా ముందే ముగించుకోవాలి. జాతర డ్యూటీలో ఆ రోడ్డు ఎలా ఉంటుందో మీ బాపు నోట వినే ఉంటారు.

ఆగవలసి వస్తే ఎవరి మాట మీద ఆగాలో ముందే నిర్ణయించుకోవడం నా దృష్టిలో బూట్లకంటే ముఖ్యం. నడిచేవాడికి ఆ వివేకం ఉండదు, దుఃఖంతో నడిచేవాడికి అసలు ఉండదు. కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే యువకుడు, క్యాన్సర్ వల్ల కుడికాలు పోగొట్టుకుని, ఆ జబ్బు మీద పరిశోధనకు డబ్బు కూడబెట్టడానికి 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశాన్ని అడ్డంగా దాటే పరుగు మొదలుపెట్టాడు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న ఆగిపోయాడు. మరుసటి ఏడాది జూన్‌లో, 22 ఏళ్లకే చనిపోయాడు. అవతలి సముద్రం దాకా చేరనేలేదు. కానీ దేశంలో మనిషికి ఒక డాలరు చొప్పున రావాలని అతను కోరుకున్న మొత్తం, అతను బతికుండగానే సమకూరింది. మీరు తాడ్వాయిలో ఆగిపోతే డబ్బు ఇచ్చినవారు తిరిగి అడగరు. మీ జట్టులో ఒకరికి, వీలైతే నర్సింగు తెలిసిన వారికి, "ఆగు" అనే అధికారం ఇచ్చి, ఆ మాటకు ఎదురు చెప్పనని అందరి ముందూ ఒప్పుకోండి.

ఇప్పుడు డబ్బు. దీని దగ్గర కొంచెం సేపు నిలబడాలి, ఎందుకంటే ఇటువంటి పనుల్లో కాళ్లు విరిగినవారికంటే స్నేహాలు విరిగినవారే ఎక్కువ.

మీ ఫోన్‌పేకు ఒక్క రూపాయి కూడా రానివ్వకండి. చాలా ఏళ్ల కింద మాతో పనిచేసిన ఒకాయన హఠాత్తుగా పోతే, ఆయన పిల్లల చదువుకని కొందరం చందాలు పోగుచేశాం. డబ్బు నా ఖాతాలోనే పడింది. అందులో ఒక్క పైసా పక్కకు పోలేదు, కానీ ఎవరు ఎంత ఇచ్చారో రాసిన లెక్క నా దగ్గర సగమే ఉంది. కొన్ని నెలల తర్వాత ఒక మిత్రుడు మామూలుగా అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. తప్పు నాదే. ఆ మిత్రుడు ఇప్పటికీ మాట్లాడతాడు, అయితే మునుపటిలా మాట్లాడడు.

మర్యాద సంగతి అలా ఉంచి చట్టం కూడా ఉంది. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో మీకు వచ్చిన డబ్బు 50,000 రూపాయలు దాటితే, ఆ మొత్తమంతా మీ ఆదాయంగానే లెక్కకు వస్తుంది. ఆదాయపు పన్ను లెక్కలో మీ కాక బంధువే గానీ కాక కొడుకులు కారు. అమెరికా డబ్బుకు ఇంకొక చిక్కు ఉంది. మీ అన్నదమ్ములు ఇంకా భారత పాస్‌పోర్టు మీదనే ఉండి, సొంత సంపాదనలోంచి పంపితే దాన్ని విదేశీ విరాళంగా చూడరు. జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవారు పంపేదీ అలాంటిదే. వారు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, విదేశీ విరాళాల చట్టం కింద నమోదైన సంస్థ మాత్రమే, అందుకోసం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే, ఆ డబ్బు తీసుకోవాలి. ఫోన్ చేసినప్పుడు వారిని అడగవలసిన మొదటి ప్రశ్న పాస్‌పోర్టు గురించే.

బాపు పేరున ట్రస్టు పెట్టమని ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. పెట్టకండి. బ్రిటన్‌లో కెప్టెన్ టామ్ మూర్ అనే పెద్దాయన, నూరేళ్లు నిండబోతుండగా 2020లో తన తోటలో నూరు చుట్లు నడిచి, వెయ్యి పౌండ్లు వస్తే చాలనుకున్న చోట 3 కోట్ల 20 లక్షల పౌండ్లకు పైగా పోగుచేశాడు. ఆ డబ్బు అప్పటికే ఉన్న ఆసుపత్రుల ధర్మసంస్థలకు నేరుగా చేరింది, దానిమీద ఏ మచ్చా లేదు. ఆ తర్వాత ఆయన పేరున కుటుంబం నెలకొల్పిన ఫౌండేషన్ నిర్వహణనే అక్కడి చారిటీ కమిషన్ విచారించి 2024లో తీవ్రంగా తప్పుపట్టింది. మీరూ మొదటి దారినే పట్టండి. డయాలసిస్ రోగులకు ఇప్పటికే సాయం చేస్తున్న, దాతలకు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు (80జి అంటారు) ఉన్న ఒక సంస్థను ఎంచుకుని, దాతలు నేరుగా దాని ఖాతాకే పంపేలా ఏర్పాటు చేయండి. రసీదు సంస్థే ఇస్తుంది, పన్ను మినహాయింపుకు కావలసిన ధ్రువపత్రమూ అదే ఇస్తుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదనీ, కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఎలాగూ రాదనీ ముందే చెప్పేయండి. ఎంచుకునేముందు ఆ సంస్థ ఆడిట్ లెక్కలు అడగండి, చూపించడానికి నసిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి. నడకకు అయ్యే ఖర్చు, అంటే బూట్లు, బండి, తిండి, బస అన్నీ మీ జేబులోంచే పెట్టుకుని, ఆ మాట కరపత్రంలో మొదటి వరసలోనే రాయండి. మీ మేనమామల నోరు మూయడానికి అంతకంటే మంచి వాక్యం లేదు.

"డయాలసిస్ రోగుల సహాయార్థం" అని మాత్రం రాయకండి, అది ఎవరి మనసుకూ పట్టదు. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఖర్చు తీరుతుంది. తీరనిది దారి ఖర్చు, వెంట వచ్చినవారి భోజనం, ఆ రోజు పోయిన కూలి. బస్సు పాసు చేతిలో ఉన్నా, డయాలసిస్ ముగిశాక సత్తువ లేని మనిషి బస్టాండు దాకా నడవలేడు, ఆటో తప్పదు. వారానికి మూడు చొప్పున ఒక రోగికి ఏడాదికి 156 రాకపోకలు. ఒక్కోదానికి 200 రూపాయలు అనుకుంటే 31,200. మీరు అనుకున్న ఐదు లక్షలతో పదహారు మందికి ఏడాదంతా దారి ఖర్చు గడుస్తుంది. "ఏటూరునాగారం రూటులో బండి నడిపిన డ్రైవరు పేరున, అదే రూటులో వచ్చే పదహారు మంది రోగుల ఏడాది ప్రయాణం" అని రాస్తే, చదివినవారికి అది ఒక బస్సులా కళ్ల ముందు కనబడుతుంది. ఆ 200 సరైన అంకెనా కాదా అన్నది డయాలసిస్ సెంటరు బెంచీల మీద కూర్చున్నవారిని అడిగి మీరే సరిచూసుకోండి. ఎదురుచూసే ఈ ఏడాదిలో నెలకొకసారైనా అక్కడికి పోయి కూర్చోండి, మొదటిసారి గుమ్మం దాటడం కష్టంగా ఉంటుంది.

డబ్బు ఇవ్వలేనివారు దారిలో చాలామంది కలుస్తారు. వారికి జీవన్‌దాన్ గురించి చెప్పండి. మెదడు మరణించినవారి అవయవాలను, కుటుంబం ఒప్పుకుంటే, ఎదురుచూస్తున్న రోగులకు చేర్చే ప్రభుత్వ పథకం అది. డయాలసిస్ నుంచి మనిషిని నిజంగా బయటపడేసేది మూత్రపిండ మార్పిడే. ప్రతిజ్ఞ కాగితం మీద సంతకం పెట్టడం చిన్న పని, ఇంటికి పోయి ఆ మాట ఇంట్లోవారికి చెప్పడం అసలు పని, ఎందుకంటే ఆ సమయం వచ్చినప్పుడు ఒప్పుకోవలసింది వారే. మొదటి ప్రతిజ్ఞ మీదైతే అడగడం తేలికవుతుంది. మీ అవ్వకు ముందే చెప్పి చేయండి.

మీ అవ్వను ఈ పనిలోకి ఎలా తేవాలన్నది మిగిలింది. ఆమె నడవనక్కరలేదు. ఐదో రోజు పొద్దున హనుమకొండలో ఏటూరునాగారం బస్సు ఎక్కమనండి, ఆడవారికి ఉచితంగా ఇచ్చే మహాలక్ష్మి జీరో టికెట్టు ఉండనే ఉంది. డ్రైవరుకు ముందే చెబితే, తాడ్వాయి దాటాక రోడ్డు పక్కన మీరు నడుస్తూ కనిపించిన చోట ఆపుతారు, మీ బాపుతో పనిచేసినవారు ఆ మాత్రం చేయకపోరు. ఆమె దిగి మీతో పది అడుగులు వేస్తుందో, కిటికీలోంచే చూసి ముందుకు పోయి బస్టాండులో కూర్చుంటుందో ఆమె ఇష్టం. చేతిసంచిలో ఆ స్టీలు గ్లాసు పెట్టుకు రమ్మని మీరు చెప్పకండి. తేవాలనిపిస్తే ఆమే తెస్తుంది.

ఇవన్నీ ఏడాది తర్వాతి మాటలు. డాక్టరు దగ్గరికి ఈ వారమే పోండి. ఆయన సరేనంటే ఆదివారం ఎప్పటిలాగే గ్రౌండుకు పోండి, లీటరు సీసా నిండా నీళ్లు పట్టుకుని.